వస్త్రం నిజమే, సాక్ష్యం అబద్ధం

బైబిలులోని ఆదికాండములో యోసేపు బట్టలతో రెండుసార్లు అబద్ధానికి సాక్ష్యం పుట్టించారు. మొదట అన్నలు అతన్ని అమ్మేసి, క్రూరమృగం తినేసిందని నమ్మించడానికి అతని నిలువుటంగీని మేక రక్తంలో ముంచి తండ్రికి పంపారు. తర్వాత ఐగుప్తులో అతని యజమాని పోతీఫరు భార్య, తనను చెరచబోయాడని నింద వేయడానికి అతని వస్త్రాన్ని దగ్గర పెట్టుకుని భర్త వచ్చేదాకా కాచుకుని కూర్చుంది (ఆదికాండము 39:16). అంగీ యోసేపుదే, వస్త్రమూ అతనిదే. కాస్త నిజం అద్దిన అబద్ధమే జనంలో నిలుస్తుంది. నింద పడ్డవారికి కడుపు మండేది అక్కడే.

ఆమె మాట తీరు చూడండి. ఇంటి మనుషులతో ‘మనల్ని’ ఎగతాళి చేయడానికి హెబ్రీయుణ్ని తెచ్చారంటుంది. భర్త దగ్గరికి వచ్చేసరికి అతడు ‘నువ్వు తెచ్చిన దాసుడు’. ఎవరికి ఎలా చెబితే ఎక్కుతుందో ఆమెకు బాగా తెలుసు. ఆ నిందకు యోసేపు ఏం జవాబిచ్చాడో మాత్రం ఆ అధ్యాయంలో ఒక్క ముక్క లేదు.

దీన్ని పట్టుకుని, విశ్వాసి నోరు మూసుకుని భరించాలని బోధించేవారున్నారు. నేను ఒప్పుకోను. తర్వాతి అధ్యాయంలోనే, ఈ నింద వల్ల చెరసాలలో పడ్డ యోసేపు తోటి ఖైదీ అయిన పానదాయకుల అధిపతితో (రాజుకు ద్రాక్షారసం అందించేవాడు) తాను ఏ తప్పూ చేయలేదని చెప్పి, తన సంగతి ఐగుప్తు రాజు ఫరో చెవిన వేయమని బతిమాలాడు. యాజకుని ఎదుట చెంపదెబ్బ తిన్న యేసు, ‘నేను తప్పు మాట్లాడి ఉంటే అదేమిటో చెప్పు, లేకపోతే ఎందుకు కొట్టావు’ అని అడిగాడు (యోహాను 18:23). అపొస్తలుడైన పౌలు ఏకంగా రోమా చక్రవర్తి కైసరుకే చెప్పుకుంటానన్నాడు. తనను దూషించినవారిని యేసు తిరిగి దూషించలేదని పేతురు రాశాడు (1 పేతురు 2:23). నిజం చెప్పుకోవద్దని మాత్రం రాయలేదు.

చెప్పుకున్నా పని జరగకపోవచ్చు. పానదాయకుడు రెండేళ్లు యోసేపును మరచిపోయాడు. అన్నల కథ మొదలైనప్పుడు యోసేపు 17 ఏళ్లవాడు, ఫరో ముందు నిలబడేసరికి 30. అంతకన్నా కలవరపెట్టే సంగతి ఒకటుంది. పోతీఫరు భార్య చెప్పింది అబద్ధమని తేలినట్టు ఆదికాండములో ఎక్కడా లేదు. యోసేపును చెరసాల నుంచి రప్పించింది ఫరో కలకు భావం చెప్పించుకోవడానికే, అతడు నిర్దోషి అని తీర్పిచ్చి కాదు. ఐగుప్తు అంతా చేతికిందికి వచ్చాక ఆమెను పిలిపించి నిలదీసినట్టూ లేదు. ‘త్వరలోనే దేవుడు నీ నింద తుడిచేస్తాడు’ అని తొందరపడి ఓదార్చేవారు ఈ చోటును దాటేసి వెళ్తారు. అక్కడ రాసి ఉన్నది మరొకటి: యెహోవా యోసేపుకు తోడై ఉన్నాడు. పోతీఫరు ఇంట్లో మంచిపేరు ఉన్నప్పుడు ఆ మాట ఉంది (39:2). పరువు పోయి చెరసాలలో పడ్డాకా ఉంది (39:21).

ఇది విన్నా మంట చల్లారకపోతే 35వ కీర్తన తెరవండి. తానెరగని సంగతులు తన మీద మోపుతున్నారని దావీదు మొరపెడతాడు. వాళ్లు జబ్బుపడితే తాను గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉన్నానని తలచుకుని మరీ కుమిలిపోతాడు. ఎన్నాళ్లిలా చూస్తూ ఊరుకుంటావని ప్రభువునే అడిగేస్తాడు. అంత కోపంగా చేసిన ప్రార్థనను కూడా బైబిలులోంచి ఎవరూ తీసేయలేదు.