ఆదివారం సాయంత్రం, ఇన్ని మురీలు, నేపాళ మాంత్రికుడు

మొన్న ఆదివారం మా మామ్మతో కూర్చుని పాతాళ భైరవి మళ్ళీ చూసాను, ఎన్నోసారో లెక్క లేదు. వారం అంతా ఆఫీసులో లెక్కలే లెక్కలు, రాత్రి పడుకున్నా కళ్ళ ముందు అంకెలే తిరుగుతున్నాయి, ఇంక ఆ రోజు మాత్రం బుర్రకి పని చెప్పే సినిమా వద్దనుకున్నాను. బయట వాన ముసురు. అమ్మ మురీల్లో, అదే మరమరాల్లో, ఉల్లిపాయ ముక్కలు, వేరుశనగ గుళ్ళు వేసి నిమ్మకాయ పిండి ఇచ్చింది, ఫోన్‌లోంచి టీవీకి పెట్టీసి కూర్చున్నాం.

ఇంకా ఆ మాయలూ మంత్రాలూ ఏటిరా, చిన్నపిల్లాడివా అని ఫ్రెండ్స్ అడుగుతారు. నాకు మాత్రం అవే కావాలి. తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమించాడు, రాజుగారేమో నాతో సమానంగా సంపద తెచ్చుకుంటే పిల్లనిస్తానన్నాడు, సరే అని వీడు మాంత్రికుడి వెంట బయల్దేరిపోయాడు. అంతే కథ. ఎక్కడా ఆగి ఆలోచించక్కర్లేదు, మొసలి వస్తే మొసలితో కలబడతాడు, బలిద్దామని తీసుకెళ్ళిన మాంత్రికుడినే బలిచ్చేస్తాడు (వాడు తర్వాత మళ్ళీ బతికొస్తాడు లెండి), అమ్మవారి బొమ్మ చేతికొస్తే మేడ అడుగుతాడు, మేడ వచ్చేస్తుంది. మూడు గంటల పైనే ఉంటుంది సినిమా, అంతసేపూ కరెంటు బిల్లు గానీ, బండి ఈఎంఐ గానీ, సోమవారం గానీ ఒక్కటీ గుర్తు రాలేదు నాకు. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి ఒక సినిమా నుంచి.

1951లో వచ్చిందది. కంప్యూటర్లు లేవు, అంతా సెట్టింగులు, లైట్లు, మార్కస్ బార్ట్‌లే కెమెరా పనితనం. ఇప్పుడు చూస్తే ట్రిక్కు ఎక్కడ చేసారో కొన్నిచోట్ల తెలిసిపోతుంది, అయినా నాకు అడ్డం రాదు, ఎందుకంటే మాంత్రికుడి వేషంలో ఎస్వీ రంగారావు గారు ఆ కళ్ళు తిప్పి, గొంతు సాగదీసి డింభకా అన్నారంటే ఇంక ట్రిక్కులు చూసే తీరిక ఎవరికుంటుంది. అప్పటికి ఆయనకి 33 ఏళ్ళు కూడా నిండలేదు! ఎన్టీ రామారావు గారు హీరోనే, కాదన్ను, కానీ నాకు సినిమా అంటే ఆ మాంత్రికుడే.

ఇంకో సంగతి ఉంది, నేను ఎవరితోనైనా ఈ సినిమా గురించి మాట్లాడితే ఇది చెప్పకుండా వదల్ను. ఆ కథ, ఆ మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు పుట్టింది మన రాజాంలో, 1901లో. మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లా, ఏ జిల్లా అయితేనేం మనోడే. సంగీతం చేసిన ఘంటసాల గారు మన విజయనగరం సంగీత కాలేజీలో చదువుకున్నారు, జోలి కట్టుకుని ఈ వీధుల్లోనే మధూకరం ఎత్తుకుని మరీ చదువుకున్నారు. కాలేజీ ముందు నుంచి బండి మీద వెళ్తుంటే నాకు ఆ పాటలే గుర్తొస్తాయి. అన్నం కోసం ఇల్లిల్లూ తిరిగిన మనిషి అంత హాయైన పాటలు కట్టారు, వినేవాడికి ఆ కష్టం ఒక్క చుక్క కూడా తగలకుండా. దాన్ని ఉత్త కాలక్షేపం అని ఎవరైనా తీసిపారేస్తే నాకు కోపం వస్తుంది.

మామ్మ చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల టికెట్టు మీద చూసిందట, ఎడ్లబండి కట్టుకుని వెళ్ళారట. ఇప్పుడు శుక్లాల ఆపరేషన్ అయ్యాక మళ్ళీ ఇదే చూడడం. మాంత్రికుడు వచ్చినప్పుడల్లా గుప్పెట్లో మురీలు అలాగే పట్టుకుని ఉండిపోతోంది, నోట్లో వేసుకోదు, వాడు తెర మీంచి వెళ్ళాకే గుప్పిట విప్పుతోంది. నేను కాసేపు టీవీ మానేసి ఆ చెయ్యే చూసాను.

ఇంకో పావుగంటలో అయిపోతుందనగా కరెంటు పోయింది. అయ్యో అనుకుంటుంటే మామ్మ చీకట్లోనే మిగతా కథ మొదలెట్టీసింది. "నానేటి మర్సిపోతానేటి బావూ, ఈరో నేస్తం అంజిగాడు మాంత్రికుడి సిస్సుడి ఏసంలో ఎల్తాడు, ఆ మాంత్రికుడి పేణమంతా గెడ్డంలోనే కదా ఉంటాది" అంటూ చెయ్యి చాచి నా గెడ్డం పట్టుకుంది, రెండు వేళ్ళతో కచక్ కచక్ అని కత్తిరించినట్టు చేసింది. అమ్మ వంటింట్లోంచి కొవ్వొత్తి తెచ్చేసరికి ఇద్దరం పడీ పడీ నవ్వుతున్నాం.

కరెంటు వచ్చాక ఆ గెడ్డం సీను మళ్ళీ పెట్టమంది. పెట్టాను.