చూపు ఆనని నీళ్లలో గేర్ అమరిక

డైవింగ్ చేసేవాళ్లు నలుగురు చేరితే ఒక పేచీ తప్పదు: జట్టంతా గేర్ ఒకేలా అమర్చుకోవాలా, ఎవరి అలవాటు వాళ్లదా? అండమాన్ లాంటి తేటనీళ్లలో ఈ పేచీ ఎంతసేపైనా పెట్టుకోవచ్చు. అక్కడ పక్కవాడి ఆక్టోపస్, అంటే గాలి అయిపోయినవాడి కోసం ఉంచే అదనపు రెగ్యులేటర్, ఎక్కడ వేలాడుతోందో కంటికి కనిపిస్తుంది. యానాం దగ్గర గౌతమిలోనో, అంతర్వేది దగ్గర వశిష్ఠలోనో అలా కుదరదు. వరద తీసి నీళ్లు తేరుకున్నాక కూడా అడుగున బురద లేచిందంటే చాచిన చేతి వేళ్లు కనిపించవు. ఎర్రనీళ్ల రోజుల్లోనైతే దిగనే కూడదు.

అందుకని నా పద్ధతి ఇది. ఆపదలో తోటివాడి చెయ్యి తడుముకుంటూ వచ్చి పట్టుకోవాల్సినవన్నీ జట్టులో అందరికీ ఒకేచోట ఉండాలి. మన ఒంటికి మాత్రమే పనికొచ్చేవి మన ఇష్టం.

ఒకే అమరిక అన్న పట్టుదల ఎక్కువగా ఫ్లోరిడా నీటిగుహల నుంచి వచ్చింది. విలియం హోగార్త్ మెయిన్ అనే గుహ డైవర్ పేరు మీద దాన్ని హోగార్తియన్ అంటారు. 1998లో మొదలైన గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ సంస్థ ఆ దారిలోనే నేర్పుతుంది. ఇందులో నోట్లో పెట్టుకున్న రెగ్యులేటర్‌కి, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరానికి, పొడుగు హోస్ (గాలి గొట్టం) ఉంటుంది. గాలి అయిపోయినవాడికి దాన్నే తీసిచ్చి, మెడలో బంగీకి (సాగే తాడుకి) వేలాడే రెండోది మనం అందుకుంటాం. బురదనీళ్లలో ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలీదు. గాలి అందనివాడు మొదట పట్టుకునేది ఎదుటివాడి నోట్లో ఉన్నదాన్నే. పైగా అది పనిచేస్తోందని అప్పటికే తెలుసు. ఆక్టోపస్‌కి వేసే పసుపు రంగు ఇక్కడ అక్కరకు రాదు. ఒకరు దాన్ని బీసీడీ (గాలి నింపి తేలడాన్ని సరిచేసుకునే జాకెట్) జేబులో దోపి, ఇంకొకరు కుడి పట్టీ మీది డీ ఆకారపు రింగ్‌కి తగిలిస్తే తడిమే చేతికి ఏదీ దొరకదు.

గుహల్లో ఆ హోస్ 2.1 మీటర్లు. ఇరుకు సందులో ఒకరి వెనక ఒకరు బయటికి రావడానికి ఆ పొడుగు. మన ఏటిలో సందులు లేవు, తెగిపోయి అడుగున పడున్న వలలున్నాయి. వదులుగా వంగిన హోస్ వలకి కొక్కెంలా దొరుకుతుంది. 1.5 మీటర్లది చాలు. కుడి చంక కింద నుంచి ఛాతీకి అడ్డంగా ఎడమ భుజం మీదికి, మెడ వెనక తిప్పి కుడివైపు నుంచి నోటికి తెచ్చుకోవాలి. మెడలో రెండోదానికి 5 లేదా 6 మిల్లీమీటర్ల బంగీ కట్టండి. చెయ్యి వాడకుండా గడ్డం దించి నోటితో అందుకోగలగాలి, అదీ కొలత. వదులైతే ఛాతీ మీదికి జారి బురదలో ఈడ్చుకుపోతుంది.

కత్తి దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. పిక్కకి కట్టుకుంటారు. వల ఎక్కువగా తగులుకునేది వీపు వెనక, సిలిండర్ వాల్వ్‌కి. కత్తి కోసం ముడుచుకుంటే ఆ కదలికకే ఇంకా చుట్టుకుంటుంది. ఏ చేతికైనా అందేలా ఒకటి నడుం పట్టీ మీద, బొడ్డుకి కాస్త ఎడమగా, ఇంకొకటి ఎడమ భుజం పట్టీ మీద ఉండాలి. తల వెనక వాల్వ్‌ని విడిపించాల్సింది తోటివాడే కాబట్టి ఈ చోటు కూడా అందరికీ ఒకటే. రెండోది కత్తి కాకపోయినా ఫరవాలేదు. సర్జికల్ షాపుల్లో దొరికే, కట్లు కోసే వంపు కత్తెర సన్న నైలాన్ వలని కత్తి కంటే తేలిగ్గా తెంపుతుంది. రేవులో పాత వలముక్క ఒకటి అడిగి తెచ్చి, తడిపి, కళ్లు మూసుకుని ఒంటిచేత్తో కోసి చూడండి.

క్లిప్పుల్లో నొక్కితే లోపలికి తెరుచుకునే రకం వద్దు, వలతాడు దానంతటదే లోపలికి దూరుతుంది. పిన్ను వెనక్కి లాగితేనే తెరుచుకునే బోల్ట్ స్నాప్ వాడండి. దాన్ని గాలి ఒత్తిడి చూపే గేజ్‌కి ఇనుప రింగుతో తగిలించకుండా వలలు బాగుచేసే నైలాన్ దారంతో రెండుమూడు చుట్లు కట్టి, ముడేసి, కొసలు కాల్చండి. ఇసుక ఇరుక్కుని స్నాప్ బిగుసుకుపోతే దారం కోసేస్తే సరి. పైనుంచి తాడు పట్టుకుని దింపే పనుల్లో ఆ తాడుని బీసీడీకి కట్టకూడదు. బీసీడీ విప్పాల్సొస్తే తాడూ పోతుంది. లోపల విడిగా వేసుకున్న హార్నెస్‌కే కట్టాలి. తాడు సైగలు కూడా గేర్‌లో భాగమే. అమెరికా నౌకాదళం పద్ధతిలో నాలుగుసార్లు లాగితే పైకి తియ్యమని. మీ జట్టు ఏ పద్ధతి ఎంచుకున్నా సరే, పైన తాడు పట్టిన మనిషికీ అదే తెలిసుండాలి.

మాస్కు, ఫిన్స్, సూట్ మందం ఎవరి ఇష్టం వాళ్లది.

మునగడానికి కట్టుకునే సీసం బరువు కూడా ఎవరిది వాళ్లదే, కానీ డెల్టాలో దానికో మెలిక ఉంది. సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు 2.5 శాతం బరువు. 80 కిలోల మనిషి, 25 కిలోల గేర్ అనుకుంటే ఏటిలో కంటే సముద్రంలో దాదాపు 2.6 కిలోల సీసం ఎక్కువ కావాలి. వేసవిలో ఏటిలో నీరు తగ్గాక పోటుకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. బరువైనది కాబట్టి అది అడుగున పాకుతుంది, మంచినీరు దాని మీద తేలుతుంది. పైన సరిగ్గా సరిపోయిన బరువుతో దిగినవాడు నాలుగైదు మీటర్ల లోతులో ఎవరో పట్టి ఆపినట్టు ఆగిపోతాడు. కాబట్టి పోటు మీద, ఉప్పగా ఉన్న నీళ్లలోనే బరువు సరిచూసుకోండి. సిలిండర్లో 50 బార్ ఒత్తిడి గాలి మిగిలి, బీసీడీ ఖాళీగా ఉండి, మామూలుగా ఊపిరి బిగబడితే నీటిమట్టం కళ్ల దగ్గర ఆగాలి. నిండు సిలిండర్‌తో చూస్తే లెక్క తప్పుతుంది. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ గాలే రెండున్నర కిలోలకి పైగా తూగుతుంది. అల్యూమినియందైతే ఖాళీ అయ్యేకొద్దీ పైకి తేలుతుంది.

ఒడ్డుకొచ్చాక రెగ్యులేటర్‌ని సిలిండర్ నుంచి విప్పకుండా, గాలి తెరిచే ఉంచి మంచినీళ్లలో కడగండి. ఒండ్రు ఊపిరి వదిలే రబ్బరు పొర కింద చేరితే ఆ పొర సరిగ్గా మూసుకోదు, మళ్లీ దిగినప్పుడు ప్రతి ఊపిరికీ నోట్లోకి నీళ్లొస్తాయి. విప్పాక కడగాల్సొస్తే ఫస్ట్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగం) మూత తుడిచి బిగించండి, నోటి భాగం మీదుండే, గాలి వదిలించే పర్జ్ బటన్ మాత్రం నొక్కకండి. నొక్కితే బురదనీళ్లు హోస్ గుండా ఫస్ట్ స్టేజ్ దాకా పోతాయి.