గుణదల మెట్ల మీద కలిసిన పెద్దమ్మ

విజయవాడ గుణదల కొండ మీది మరియమ్మ తల్లికి మొక్కు చెల్లించి వచ్చి నాలుగు రోజులైంది. అరికాళ్ళ బొబ్బలు ఇంకా మానలేదు. అయినా ఇప్పుడే రాసేయాలి, లేకపోతే నిలవలేను.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. కిలో మూడు వందల గ్రాములు. ఇరవై రెండు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. రోజుకు పది నిమిషాలు మాత్రం చెయ్యి లోపలికి పెట్టి తాకనిచ్చేవాళ్ళు. అప్పుడే మొక్కుకున్నాను. బిడ్డ దక్కితే పుట్టువెంట్రుకలు నీ దగ్గరే తీయిస్తాను, చెప్పుల్లేకుండా కొండెక్కుతాను తల్లీ అని. ఇప్పుడు దానికి పదకొండో నెల. అమ్మ నా మాట తన కుమారుడి చెవిన వేసింది.

ఉత్సవాలు ఎప్పటిలాగే ఫిబ్రవరి 9, 10, 11. 1858లో ఫ్రాన్సులోని లూర్దు గుహలో బెర్నదెత్తమ్మ అనే అమ్మాయికి తల్లి మొదటిసారి దర్శనమిచ్చిన 11నే మొక్కు తీర్చాలని మా అత్తయ్య పట్టు. 1924లో ఆర్లాటి ఫాదర్ గారు ఈ కొండ మీద స్వరూపాన్ని నిలిపారు. అప్పటి నుంచి చూసుకుంటే ఇక్కడ తలనీలాలిచ్చిన మా ఇంటి నాలుగో తరం నా కూతురు. గుండుకు గంధం రాయించుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాం.

అబ్బ, ఆ జనం! మెట్ల మీద కొబ్బరినీళ్ళు, కొవ్వొత్తుల మైనం కలిసి కాలు జారిపోతోంది. ముందున్నవాళ్ళు ఫోన్లెత్తి వీడియోలు తీసుకుంటూ కదలరు, వెనకవాళ్ళు ఆగరు. మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది. జపమాల చేత్తో పట్టుకున్నానే గానీ రెండో దేవరహస్యం, అంటే రెండో పది మంగళవార్త జపాలు, దాటలేదు. ఇంతలో ఎవరి సంచో తగులుకుని అది కాస్తా పుటుక్కున తెగింది. పూసలన్నీ కాళ్ళ కింద. వంగి ఏరుకుందామంటే చోటేదీ? ఇంత దూరం వచ్చి ఒక్క జపం కూడా సరిగ్గా చెప్పుకోలేకపోయానే అని ఏడుపొచ్చేసింది.

"ఇటియ్యి అమ్మాయ్, బిడ్డని" అంటూ పక్కనుంచి ఒక పెద్దమ్మ పాపను అందుకుంది. ముంజేతుల మీద ఎత్తుకుందే గానీ వేళ్ళు తాకనివ్వలేదు. పాప కళ్ళు తుడవాల్సి వస్తే చెంగుతో నాచేతే తుడిపించింది.

"నా వేళ్ళు తగిలితే మంటమ్మా. మిరపకోతల నుంచి వచ్చా. ఎంత కడిగినా కారం పోదు."

గోళ్ళ చుట్టూ చర్మం ఎర్రగా చిట్లి ఉంది. వాళ్ళది పల్నాడట.

"మీ జపమాల ఏది పెద్దమ్మా?"

"రెండు చేతులా కాయలు కోస్తుంటే జపమాల యాడ పట్టుకునేది? కాయకో మంగళవార్త జపం చెప్పుకుంటా. ఒడి నిండేసరికి ఎన్నయ్యాయో ఆయనకే తెలుసు."

"మనసు నిలుస్తుందా?"

"ఒకోసారి నిలుస్తది. ఒకోసారి ఎండ, కూలి డబ్బులు, కోడలు మాటలు గుర్తొస్తయ్. అయ్యీ ఆయనకే చెప్తా. పక్క సాల్లోనే ఉంటాడుగా."

అంతే. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను, జనం తోస్తున్నా సరే. అద్దాల పెట్టె దగ్గర ఇరవై రెండు రోజులూ ప్రభువుని ఎంత దూరం నుంచి పిలిచాను! గొంతు పోయేలా పిలిచాను. ఆయన నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాడా?

గుహ ముందు పది లెక్కపెట్టేంతసేపు నిలబడనిచ్చారేమో. దండల మధ్య అమ్మ ముఖం, కొవ్వొత్తుల వెలుగులో కదిలినట్టే ఉంది. అడగాలని దారి పొడుగునా కూడబెట్టుకున్నవేవీ నోటికి రాలేదు. "వచ్చాం తల్లీ" అన్నాను. పాప ఏడుపు మాని అటే చూస్తోంది.

దిగేటప్పుడు పెద్దమ్మ కోసం వెతికాను. జనంలో కలిసిపోయింది. పేరైనా అడగలేదు.

కొత్త జపమాల ఇంకా కొనలేదు. ఈ ఉదయం స్టవ్ మీద పాలు పెట్టి, పాప సీసాలు కడుగుతూ "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అని మొదలుపెట్టాను. ఆరో మంగళవార్త దగ్గర పాలు పొంగాయి. "ప్రభువా, పాలు పొంగిపోయాయి" అన్నాను, పక్కనున్న మనిషితో అన్నట్టే. స్టవ్ తుడుస్తూ మిగతా నాలుగూ చెప్పుకున్నాను.