అమ్మతో ఎడారి పార్కులో ఒకరోజు

నిన్న రాత్రి సోంపేట స్టేషన్లో దిగేసరికి ఒళ్ళంతా హూనమైపోయింది, రాజస్థాన్ ఆ చివర నుంచి ఇక్కడికి రైళ్ళు మారుతూ రావడమంటే మాటలు కాదు. పొద్దున్నుంచి వీధిలోవాళ్ళు వస్తూనే ఉన్నారు, "ఒంటెక్కేరా, ఇసకలో నడిచేరా" అని ఒకటే అడగడం. అమ్మ అందరికీ ఓపిగ్గా చెప్తోంది. నేను మాత్రం పార్కుకెళ్ళిన ఆ ఒక్కరోజు రాసి పెట్టుకోవాలి, పనుల్లో పడితే అన్నీ కలిసిపోతాయి.

తమ్ముడు ఆర్మీలో, ఇప్పుడు పోస్టింగ్ జైసల్మేర్. సంక్రాంతి అరిసెలు, పలాస జీడిపప్పు పట్టుకుని అమ్మా నేనూ బయల్దేరిపోయాం. వాడికి సెలవు దొరికిన రోజున జీపు మాట్లాడి, ఫారెస్టువాళ్ళ దగ్గర పర్మిషన్ తీసుకుని చీకటితోనే లేపేశాడు. అబ్బా ఏం చలో. అమ్మ స్వెట్టర్ మీద శాలువా, దాని మీద తమ్ముడి కోటు.

డెజర్ట్ నేషనల్ పార్క్ అంటే జైసల్మేర్, బార్మేర్ రెండు జిల్లాల్లో కలిపి 3162 చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి మన శ్రీకాకుళం జిల్లాలో సగం కంటే ఎక్కువే. అందరూ ఫొటోల్లో చూసే ఇసకదిబ్బలు అందులో ఐదో వంతే ఉంటాయట, మిగతాదంతా రాతినేల, గడ్డి, అక్కడక్కడా ముళ్ళచెట్లు, మధ్యలో ఊళ్ళు, మేకలమందలు. తెల్లారేసరికి కిటికీలోంచి చూస్తే ఎండిన గడ్డి బంగారం రంగులో ఎంత దూరమో, కన్ను ఆనేంత వరకూ అదే. సేవణ్ గడ్డి అంటారట, వాన పెద్దగా లేకపోయినా బతికేస్తుంది, పశువులన్నిటికీ అదే తిండి.

ఒకచోట టీ కోసం ఆపాడు డ్రైవర్. అమ్మ గ్లాసు చేత్తో పట్టుకుని పక్కనున్న చెట్టు దగ్గరికెళ్ళి నిలబడిపోయింది. కొమ్మలు నరికేసి ఉన్నాయి, కొత్త చిగుళ్ళు మాత్రం వస్తున్నాయి. ఒక రెమ్మ వంచి, చిన్నచిన్న ఆకుల్ని వేళ్ళతో నలిపి, ముల్లు తడిమి చూసి, "ఓలే, ఇది మన జమ్మి కాదేటే" అంది. నిజంగా జమ్మే. అక్కడివాళ్ళు ఖేజ్రీ అంటారు, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం. చలికాలంలో కొమ్మలు కొట్టి ఆకు మేకలకి పెడతారు, కాయలు ఎండబెట్టి కూర చేసుకుంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజర్లీ ఊళ్ళో ఈ చెట్లు నరకొద్దని బిష్ణోయ్‌లు చెట్లని వాటేసుకుని 363 మంది ప్రాణాలిచ్చారని తమ్ముడు చెప్తే అమ్మ గ్లాసు కింద పెట్టేసి చెట్టుకి దణ్ణం పెట్టింది. మనకి జమ్మి దసరా నాడు గుర్తొస్తుంది, వాళ్ళకి ఏడాదంతా కడుపు నింపేదే అది.

తర్వాత సుదాసరి. కంచె వేసిన గడ్డినేల. చింకారా జింకలు కనిపించాయి, ఆకాశంలో రాబందులు, వాటిని చూసి అమ్మ చాలా సంబరపడింది, మావైపు అవి కనబడి ఎన్నేళ్ళయిందో. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ నొప్పిమందు వాటి కళేబరాల్లోంచి ఎక్కి దేశమంతా రాబందులు చాలావరకూ చచ్చిపోయాయి కదా, 2006లో గానీ ఆ మందు ఆపలేదు.

ఇంకా ముందుకెళ్ళాక డ్రైవర్ జీపాపి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. బట్టమేక పిట్ట, ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్! గడ్డిలోంచి ముందు తెల్లటి మెడ లేచింది, నెత్తిన నల్లటి టోపీ, గోధుమరంగు వీపు. మీటరు ఎత్తుంటుంది. పెళ్ళింట్లో పెద్దమనిషిలా ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తోంది. మధ్యలో ఆగి, మెడ వంచి పురుగేదో పొడుచుకుని, మళ్ళీ తలెత్తి మావైపే చూసింది. బైనాక్యులర్స్ నా చేతిలోంచి అమ్మ లాగేసుకుంది. మగదైతే 15 కిలోల దాకా తూగుతుంది, ఎగిరే పక్షుల్లో బాగా బరువైన వాటిల్లో ఇదొకటి, ఏడాదికి మామూలుగా ఒకే గుడ్డు, అదీ నేలమీదే పెడుతుంది. ప్రపంచం మొత్తం మీద గడ్డినేలల్లో మిగిలినవి 150 దాటవని అంచనా, ఎక్కువ ఈ జైసల్మేర్ చుట్టుపక్కలే. ఇక్కడే సమ్ అనే ఊరి దగ్గర 2019 నుంచి గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు, అదొక్కటే కాస్త ధైర్యం.

తిరిగొచ్చే దారిలో చూస్తే ఎక్కడికక్కడ కరెంటు తీగలు, గాలిమరలు, సోలార్ పలకలు. ఈ పిట్టకి కళ్ళు పక్కలకి ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ సరిగ్గా కనబడదు, కనబడినా అంత బరువుతో చటుక్కున తిరగలేదు. తగులుకుని పడిపోతుంది. తీగలు భూమిలోంచి వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024లో ఆ ఆర్డర్ మార్చి నిపుణుల కమిటీ వేసింది. కరెంటు కావాలి, ఎండతో చేసే కరెంటు మంచిదే, నేను కాదనను, కానీ ఇక్కడ ఏమీ లేదు ఖాళీయే కదా అని లెక్కేసి తీగలు లాగేస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే ఆ మాట మేం విన్నాం. మా సోంపేట బీలని, అదే నీళ్ళు నిలిచే పల్లపు నేలని కూడా పనికిరాని భూమి అనే అన్నారు, థర్మల్ ప్లాంటు పెడతామన్నారు. ఆ నీళ్ళతోనే పొలాలు పండుతున్నాయి, జాలర్లు చేపలు పట్టుకుంటున్నారు, పశువులు మేస్తున్నాయి, అదంతా కాగితంలో లేదు. ప్లాంటు వద్దని ఎదురుతిరిగితే 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులే పోయారు. జీపులో ఈ మాటొచ్చాక అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఆ గొడ్లకాపరోల్నడిగితే చెప్తారు గదా ఏటుందో" అంది. నాకూ అదే అనిపించింది, అక్కడ మేకలు కాసుకునే ముసలాయన్ని అడిగితే ఏ గడ్డిలో పిట్ట గుడ్డు పెడుతుందో చెప్పేస్తాడు.

సాయంత్రం సమ్ దిబ్బల మీద సూర్యాస్తమయం చూశాం. బాగుంది, జనం ఎక్కువ. అమ్మ ఒంటె ఎక్కనంది.

మన రాష్ట్రంలోనే కర్నూలు వైపు రోళ్ళపాడులో 1988లో ఈ బట్టమేక పిట్ట కోసమే అభయారణ్యం పెట్టారు. తమ్ముడికి మళ్ళీ సెలవు దొరికినప్పుడు అటు వెళ్దామని రైల్లోనే ఫోన్ చేసి ఒప్పించాను. పిట్ట కనబడుతుందన్న ఆశ పెద్దగా లేదు, ఆ గడ్డినేల ఎలా ఉందో మాత్రం చూసి రావాలి. అమ్మ కూడా వస్తానంది, ఈసారి పర్మిషన్ సంగతి నేనే చూసుకోవాలి.