పెళ్లి డిస్క్ ఆడట్లేదని ప్లేయర్‌ని పారేయకండి

మల్కాజిగిరిలో నాన్న వాళ్లింటికి దసరాకి కొత్త టీవీ వచ్చింది. పాత డబ్బా టీవీ వెళ్లిపోయింది గానీ దాని కింద ఉన్న డీవీడీ ప్లేయర్‌ని మాత్రం నాన్న కదలనివ్వలేదు. 2008లో జరిగిన అక్క పెళ్లి ఆ డిస్కుల్లోనే ఉంది, నానమ్మ నడుస్తూ మాట్లాడుతూ కనిపించేది అందులో ఒక్కచోటే, మిగతావన్నీ ఫోటోలు. కొత్త టీవీకి తగిలిస్తే బొమ్మ నలుపు తెలుపులో వచ్చింది. కాలనీ మెకానిక్‌ని పిలిస్తే మూత కూడా విప్పకుండా "బోర్డు పోయింది, ఇప్పుడివి ఎవరూ చెయ్యరు సార్" అని చెప్పి వెళ్లిపోయాడట. ఫోన్లో ఆ మాట చెప్తుంటే నాన్న గొంతు మామూలుగా లేదు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి వెళ్లాను.

బోర్డుకి ఏమీ కాలేదు. ప్లేయర్ నుంచి వచ్చేవి మూడు పిన్నులు: పసుపు బొమ్మకి, తెలుపు, ఎరుపు సౌండుకి. కొత్త టీవీ వెనక చూస్తే పసుపు రంధ్రమే లేదు. ఇలాంటి కొన్ని టీవీల్లో పసుపు పిన్ను ఆకుపచ్చ రంధ్రంలోనే పెట్టాలి, దాని పక్కన చిన్న అక్షరాలతో 'వీడియో' అని కూడా రాసి ఉంటుంది. అక్కడిదాకా నాన్న సరిగ్గానే పెట్టాడు. కానీ రిమోట్‌లో సోర్స్ నొక్కి 'ఏవీ' బదులు 'కాంపోనెంట్' ఎంచుకున్నాడు. కాంపోనెంట్‌లో ఆకుపచ్చ తీగ నుంచి టీవీ వెలుగునీడలు మాత్రమే తీసుకుంటుంది, రంగుల కోసం నీలం, ఎరుపు తీగల వైపు చూస్తుంది, అక్కడ ఏమీ లేదు కాబట్టి నలుపు తెలుపే మిగులుతుంది. 'ఏవీ'కి మార్చగానే రంగులొచ్చాయి. కొన్ని టీవీలకి ఇయర్‌ఫోన్ పిన్నులాంటి చిన్న రంధ్రం ఒకటే ఉంటుంది, దానికి టీవీతో వచ్చిన వైరే వాడండి, బయట కొన్న వైరులో లోపలి కనెక్షన్ల వరస వేరేగా ఉండి బొమ్మ సౌండు రంధ్రంలోకి పోవచ్చు. అలాంటప్పుడు రంగులు పట్టించుకోకుండా పిన్నులు మార్చి మార్చి చూడాలి.

మొహాలన్నీ అడ్డంగా సాగి కనిపిస్తే అది టీవీ పిక్చర్ సైజు. అప్పటి పెళ్లి వీడియోలు ఎక్కువగా 4:3లో, అంటే వెడల్పు నాలుగు పాళ్లైతే ఎత్తు మూడు పాళ్లు, ఉంటాయి, అదే పెట్టుకుంటే రెండు పక్కలా నల్ల పట్టీలొస్తాయి, మనుషులు మనుషుల్లా ఉంటారు. ఇక అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన సినిమా డిస్క్ ఆడకపోతే అది రీజియన్ సమస్య, సినిమా డిస్క్ ఏ ప్రాంతం ప్లేయర్లలో ఆడాలో చెప్పే నంబరది, వాళ్లది 1, మనది 5, దాన్ని తుడిచి లాభం లేదు.

అసలు తిప్పలు తర్వాత మొదలయ్యాయి. మొదటి డిస్క్ పది నిమిషాలు ఆడి ఆగింది, రెండోది 'నో డిస్క్' అంది. కొన్న సినిమా డిస్క్ వేస్తే మాత్రం చక్కగా ఆడింది. ఇది తెలియకే చాలామంది పెళ్లి డిస్క్ పాడైపోయిందని బీరువాలో పడేస్తారు. సినిమా డిస్కులు అచ్చు పోసినవి, స్టూడియోవాళ్లు ఇచ్చినవి కంప్యూటర్‌లో రాసినవి, వాటిలో సమాచారం ఒక రంగు పొర మీద ఉంటుంది. ప్లేయర్ డిస్క్‌ని లేజర్ కాంతితో చదువుతుంది, ఈ పొర ఆ కాంతిని తక్కువగా వెనక్కి పంపుతుంది. ఆ కాంతి వెళ్లే లెన్స్ మీద కొంచెం దుమ్ము పడితే చాలు, ముందు ఇవే ఆగిపోతాయి.

డిస్క్‌ని మెత్తటి తడిగుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచాను. గుండ్రంగా తిప్పకూడదు. ట్రాక్ గుండ్రంగానే ఉంటుంది కదా, దాని వెంబడే గీత పడితే ఒకేచోట చాలా సమాచారం పోతుంది, అడ్డగీతనైతే ప్లేయర్ సర్దుకోగలదు.

లెన్స్ కోసం ప్లగ్ పీకి చాలాసేపు వదిలేశాను. మూత తీశాక కూడా కరెంటు వైరు చేరే బోర్డు జోలికి పోవద్దు, అక్కడ కరెంటు దాచుకునే పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. లెన్స్ పెసరగింజంత ఉంది, పైన బూడిదరంగు పొర. చెవులు తుడుచుకునే దూది ఇయర్‌బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిండి, ఊపిరి బిగబట్టి ఒక్కసారి మీద తిప్పాను. అది వెంట్రుకల్లాంటి తీగల మీద వేలాడుతుంది, నొక్కితే అంతే సంగతులు. సెంటు, పెట్రోల్ అసలు వద్దు. ట్రే కూడా సగంలో ఆగుతోంది, చూస్తే రబ్బరు బెల్టు సాగిపోయి ఉంది. కోఠీ గుజరాతీ గల్లీకి పాత బెల్టు పట్టుకెళ్లి దాని పక్కన పెట్టి కొలత చూసి కొత్తది తెచ్చాను.

సాయంత్రం డిస్క్ వేస్తే తలంబ్రాల దగ్గర నానమ్మ కనిపించింది, పళ్లెం ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో కెమెరా అబ్బాయిని పక్కకి జరగమంటోంది. నాన్న రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పాడు. మళ్లీ తిప్పాడు.

ఆ రంగు పొర ఏళ్లు గడిచేకొద్దీ తనంతట తనే చెడిపోతుంది, కాబట్టి డిస్క్ ఆడిన రోజే కాపీ తీయండి. కంప్యూటర్‌లో పెడితే 'వీడియో టీఎస్' అనే ఫోల్డర్ కనిపిస్తుంది, దాన్ని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే సరిపోతుంది, ఒక్కో డిస్క్ మామూలుగా 4.7 జీబీ లోపే. రెండు డిస్కులూ ఆ రాత్రే తీసి, ఒక పెన్‌డ్రైవ్ అక్కకి పంపాను. బీరువాలో ఇంకా శ్రీమంతం, గృహప్రవేశం డిస్కులున్నాయి, వచ్చే ఆదివారం వాటి పని.