పురుగు పెరిగితే ఎవరి అమ్మకం పెరుగుతుంది?

మా వరంగల్‌లో పత్తి మాట వస్తే పెద్దవాళ్లకు 1997-98 గుర్తొస్తుంది. వాన అదను తప్పింది, లద్దె పురుగు పడింది, ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు, అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వాతావరణమన్నారు, నకిలీ మందులన్నారు, అప్పులన్నారు. అన్నీ నిజమే, కానీ వాటి మధ్య ఉన్న లంకె గురించి ఎవరూ మాట్లాడరు.

రైతుకు ఏ మందు కొట్టాలో చెప్పేది మందుల షాపాయనే. ఉద్దెర ఇచ్చేదీ ఆయనే, చాలా చోట్ల పంట కొనేదీ ఆయనే. ఒక మందు పనిచేయకపోతే రెండు కలిపి కొట్టమంటాడు. కొట్టినకొద్దీ మందుకు తట్టుకున్న పురుగులే మిగిలి, వాటి సంతానమే చేనంతా నిండుతుంది, పురుగును తినే మిత్రపురుగులూ పోతాయి, ఇక మళ్లీ షాపుకే పోవాలి. ఇందులో ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు, షాపాయన టార్గెట్ షాపాయనది, కంపెనీ టార్గెట్ కంపెనీది.

2002లో బీటీ పత్తి, అంటే పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యే పత్తి, వచ్చాక కాయతొలుచు పురుగు మందులు తగ్గాయి, అది ఒప్పుకోవాలి. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకీ అలవాటు పడింది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ గింజలు ఇచ్చింది ఇది జరగకూడదనే. చేను చుట్టూ అవి వేస్తే బీటీకి లొంగే పురుగులు కొన్ని అక్కడ బతికి, మొండివాటితో జతకట్టి, ఆ మొండితనం త్వరగా పాకకుండా చూస్తాయి. చాలామంది వేయలేదు. కౌలుకు రెండెకరాలు పట్టిన మనిషిని పురుగు కోసం కొంత చేను వదలమంటే, ఆ నష్టం ఎవరు భరిస్తారు?

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. బడికి రంగులు, ఊరికి నీళ్ల ప్లాంటు, మంచి పనులే, కాదనను. కానీ ఎన్ని డబ్బాలు అమ్మితే అంత కమిషన్ అన్న పద్ధతి ఉన్నంతకాలం ఆ ప్లాంటు పక్క చేలో ఏమీ మారదు. దాన్ని మార్చే అధికారం రైతుకూ షాపాయనకూ లేదు, కంపెనీ నడిపేవాళ్లకే ఉంది. డీలర్ కమిషన్‌ను డబ్బాల లెక్క నుంచి విడదీయండి, నాన్ బీటీ వరుసల్లో పోయిన దిగుబడికి మీరే డబ్బు కట్టండి. ముందు ఒక్క మండలంలో చేసి చూపించినా చాలు.