ఏ అడవికి ఏ పాస్? అమ్మానాన్నలతో వాషింగ్టన్ పార్కులు

రాజమండ్రి నుంచి అమ్మా నాన్నా మొదటిసారి సియాటెల్ వచ్చారు. మాల్స్ చూపిస్తే రెండో రోజుకే నాన్నకి విసుగొచ్చింది. "చెట్లూ నీళ్లూ ఉన్నచోటికి తీసుకెళ్లరా" అన్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో వాటికి కొదవేముంది? స్టేట్ పార్కులే వందకు పైన ఉన్నాయి.

చిక్కంతా పాస్ దగ్గరే వచ్చింది. నా దగ్గరున్న నేషనల్ పార్కుల పాస్ ఎక్కడైనా చెల్లుతుందనుకుని ఒక జలపాతం దగ్గర కారు ఆపాను. తిరిగొచ్చేసరికి అద్దం మీద 99 డాలర్ల జరిమానా కాగితం. అది స్టేట్ పార్కు. అక్కడ కారు ఆపాలంటే రాష్ట్రం అమ్మే డిస్కవర్ పాస్ ఉండాలి. అది కొన్నా రైనీర్ కొండకి, ఒలింపిక్ తీరానికి పనికిరాదు, అవి నేషనల్ పార్కులు కాబట్టి. అందుకే బయల్దేరేముందు ఆ స్థలం రాష్ట్రానిదా, కేంద్రానిదా అన్నది చూసుకోండి.

వెంటనే ఏడాది డిస్కవర్ పాస్ కొన్నాను. 15 రోజుల్లోపు ఆ రసీదు కోర్టుకి పంపితే జరిమానా 59కి తగ్గింది. అప్పట్లో పాస్ 30 డాలర్లు, 2025 అక్టోబరు నుంచి 45 చేశారు. దాని మీద రెండు కార్ల నంబర్లు రాసుకోవచ్చు. మా ఆవిడ కారుదీ నాదీ బాల్‌పెన్నుతో రాసి నాన్నే అద్దానికి తగిలించారు. కొన్ని లైబ్రరీల్లో ఈ పాస్‌ని పుస్తకంలాగే అరువిస్తారు. ఒక్కసారి వెళ్లేవాళ్లకి అదే మేలు.

మర్నాడు పొద్దున్నే డిసెప్షన్ పాస్ అనే స్టేట్ పార్కుకి వెళ్లాం. ఈ పేరులో పాస్ అంటే టికెట్టు కాదు, ఇరుకైన జలసంధి. అక్కడి వంతెన 1935లో కట్టింది. కింద నీళ్లకి దాదాపు 180 అడుగుల ఎత్తు. పక్కనున్న కాలిబాట సన్నగా ఉంటుంది, లారీ వెళ్తే కాళ్ల కింద అదురు తెలుస్తుంది. అమ్మ ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో నా చొక్కా పట్టుకుంది. నాన్న మాత్రం వంగి చూస్తూ ఉండిపోయారు. ఆటుపోట్లకి ఆ ఇరుకు సందులో సముద్రమే ఏరులా పరుగెడుతుంది. ఆకుపచ్చటి నీళ్లలో సుడులు. "వరద గోదారిలా ఉందిరా" అన్నారు.

అక్కణ్ణుంచి అదే పార్కులోని రొసారియో బీచ్‌కి వెళ్లాం. అక్కడ సమిష్ అనే స్థానిక ఆదివాసీ తెగవాళ్ల కథని దేవదారు మానులో చెక్కి నిలబెట్టారు. ఒకవైపు మామూలు అమ్మాయి, రెండోవైపు సముద్రకన్య. తన వాళ్లకి చేపలకీ నీళ్లకీ కరువు రాకూడదని ఆ పిల్ల సముద్రుణ్ణి పెళ్లాడి వెళ్లిపోయిందట. అక్కడి పలక మీద రాసింది నేను చదివి తెలుగులో చెబుతుంటే అమ్మ మధ్యలో ఆపి, "మళ్లీ పుట్టింటికి వచ్చిందా?" అని అడిగింది. ఏడాదికోసారి వచ్చేదని, వచ్చినప్పుడల్లా ఒంటి మీద గవ్వల్లాంటివి పెరుగుతూ వచ్చాయని, నీళ్లకి దూరంగా ఉండలేక ఆమె పడే బాధ చూసి చివరికి అయినవాళ్లే ఇక రావద్దులే అన్నారని చెప్పాను.

అమ్మ ఇంకేం అడగలేదు. ఆ చెక్క చేతిని కాసేపు నిమిరి, ఒడ్డున దుంగ మీద కూర్చుని పులిహోర డబ్బా విప్పింది.